నాలుగు సున్నాల తలుపు

మాదన్నపేట,
సెప్టెంబర్ 2.

కరెంటు ఆఫీసుల లైన్‌మన్‌గ ముప్పై రెండేండ్లు స్తంభాలెక్కి, నలభై ఏండ్ల సంది మన ప్రార్థన మందిరంల వాక్యం చెప్పుకుంట, రిజిస్టరు రాసుకుంట వస్తున్న గుండయ్య, పుణెల ఉన్న తన చెల్లె బిడ్డ స్వీటీకి రాస్తున్న ఉత్తరం ఇది. నీకు సమాధానం కలుగు గాక. నాకైతే ఈ వారం కలగలేదు.

సికింద్రాబాదు పెద్దాఫీసు నుంచి కాగితమొచ్చింది బిడ్డా. బాప్తిస్మాలు, పెండ్లిళ్లు, సమాధులు, అన్నీ కంప్యూటర్ల ఎక్కించి డిసెంబర్ మొదటి ఆదివారం చూపియ్యాలట. చూపియ్యని మందిరాల పుస్తకాలు పెద్దాఫీసు తీస్కపోతదట. సంతకం ఎవరిదనుకున్నవు? సెక్రటరీ వెస్లీ. నేను సండేస్కూల్ల ముక్కు తుడిచి కూసోబెట్టిన వెస్లీ.

మనయి తొమ్మిది పుస్తకాలు. అవి ఇక్కడికెళ్లి పోతే, రేపు మన గల్లీల పోరికి పెండ్లి కుదిరితే బాప్తిస్మం కాగితం కోసం వాళ్లమ్మ కూలి పోగొట్టుకొని రెండు బస్సులు మారాలె. అక్కడ కూసున్నోడు "రేపు రా" అంటడు. మా దగ్గర గట్ల ఎన్నడన్న అన్నమా?

ఇంకో సంగతి. మొదటి పుస్తకం, అరవై రెండు నుంచి డెబ్బై ఒకటి దాక, సగం చెదలు తిన్నయి. ఆ పేర్లు ఇప్పుడు ఒక్కచోటనే ఉన్నయి, మంత్రసాని కృష్ణమ్మ తలకాయల. ఆమెకు ఎనభై నాలుగు. ఎవరు ఎప్పుడు పుట్టిండ్రో, ఎవరి పెండ్లికి వానొచ్చిందో కూడ చెప్తది. ఆమె ఉండంగనే ఎక్కియ్యాలె.

ఫోన్ మాత్రం చెయ్యకు. నలభై ఏండ్లు లౌడ్‌స్పీకర్ పక్కన నిలబడి చెవులు పోయినయి, నువ్వు ఒకటి చెప్తె నేను ఇంకోటి విని ఆమెన్ అంట. ఫోన్ల అక్షరాలు చీమల లెక్క ఉంటయి. పౌలు చెరసాలల ఉండి ఉత్తరాలతోనే సంఘాలు కట్టిండు, మనం ఒక రిజిస్టరు కట్టలేమా?

నిన్నే ఎందుకు అడుగుతున్ననంటే, నువ్వు ఉన్నదున్నట్టు చెప్పే పిల్లవు. ఏడేండ్లప్పుడు క్రిస్మస్ నాడు అందరి ముందట కాపరి వాక్యం చెప్పమంటే, బయట నీ చెప్పులు ఎవరో ఎత్తుకపోయిండ్రని, "ఆయన నా కాపరి, చెప్పులు తప్ప నాకు ఏ లోటూ లేదు" అన్నవు. మందిరమంత నవ్వింది. నేను నవ్వలే. తెల్లారి పత్తర్‌గట్టి తీస్కపోయి చెప్పులు కొనిచ్చిన.

నీ మామ,
గుండయ్య


పుణె,
సెప్టెంబర్ 9.

మామకు వందనాలు.

చెప్పుల ముచ్చట ఇరవై నాలుగేండ్లయినా వదలవా? సరే, చేద్దాం. నేను ఆఫీసుల రోజూ చేసే పని ఇదే.

ముంబైల ఒక పెద్ద బిల్డింగు ఉంటది, దాంట్ల వేల కంప్యూటర్లు ఉంటయి. అందుల ఒక మూల నీ కోసం నా పేరు మీద కిరాయికి తీసుకున్న. దాన్ని క్లౌడ్ అంటరు. అక్కడ మేఘం ఏం లేదు, ముందే చెప్తున్న, దీని మీద ప్రసంగం చెయ్యకు. ఆ మూలల మనం ఒక బీరువ పెట్టాలె, దాని పేరు డేటాబేస్. పుస్తకాలల్ల పేర్లన్నీ అందులకు పోతయి.

ఏమేం కొట్టాల్నో పెద్ద అక్షరాలతోటి రెండు కాగితాల మీద అచ్చుకొట్టి పెట్టిన. ఒక్కొక్క వరుస కొట్టు, జవాబు రానియ్యి, తర్వాతది కొట్టు. కొన్ని వరుసల ముందర "సుడో" అని ఉంటది. అది లేకుంటే మిషను నీ మాట వినదు.

రెండు సంగతులు ఎర్ర పెన్నుతో రాసిన, చూడు. ఒకటి, లోపలికి ఎవరెవరు రావచ్చో రాసే ఫైలు ఒకటి ఉంటది. అక్కడ నాలుగు సున్నాలు చుక్కలతో రాస్తే లోకంల ఎవరైనా రావచ్చని అర్థం. అది ఎన్నడూ రాయకు. రెండు, రోజూ సాయంత్రం మొత్తానికి ఒక నకలు తీసి వేరేచోట దాచాలె. అది ఎట్ల చెయ్యాల్నో రెండో కాగితం మీద ఉన్నది.

తాళంచెవి నీకిస్తున్న. ఇచ్చినంక నీ బీరువల నేను చెయ్యి పెట్టను, మాట ఇస్తున్న.

నీ కోడలు,
స్వీటీ


మాదన్నపేట,
సెప్టెంబర్ 20.

ప్రియమైన కోడలా, స్తోత్రం చెప్పు, తర్వాత చదువు.

దిగింది. బీరువ దిగింది. ఎదురింటి గడియారాల మొయిన్ భాయ్ పత్తర్‌గట్టిల పాత కంప్యూటరు ఇప్పించిండు, మందిరంలనే పెట్టిన. నీ కాగితం గోడకు అంటిచ్చి, అద్దాలు పెట్టుకొని ఒక్కొక్క అక్షరం కొట్టిన. మొదటిసారి "పర్మిషన్ లేదు" అన్నది. నా మిషను, నా మందిరం, నాకు పర్మిషన్ లేదట. మళ్ల చూస్తే సుడో మర్చిపోయిన. అది పెట్టి కొట్టిన. అక్షరాలు వర్షం పడ్డట్టు పడ్డయి తెర మీద. శతాధిపతి ఏమన్నడు యేసు తోటి? నేను పొమ్మంటే నా సైనికుడు పోతడు, రమ్మంటే వస్తడు అన్నడు. సుడో అంటే అదే బిడ్డా, శతాధిపతి మాట. ఆదివారం గంట సేపు దీని మీదనే చెప్పిన. ఇశ్రాయేలీయుల ముందు నడిచిన మేఘస్తంభం గురించి కూడ చెప్పిన. నువ్వు ఒద్దన్నవు గని, ఆత్మ ఆగలేదు.

మొయిన్ భాయ్ చూసి "క్యా గుండయ్య సాబ్, ఖుదా కే ఘర్ మే కంప్యూటర్?" అని, దేవుని ఇంట్ల కంప్యూటరేందని అడిగిండు. "పేర్లు రాసే పని ఆయనకూ ఉన్నది భాయ్, ఆయన దగ్గర కూడ జీవగ్రంథం ఉన్నది" అన్న.

రోజూ పదింటికి కృష్ణమ్మ వచ్చి ఆకు వక్క నములుకుంట చెప్తది, నేను కొడుత. మొదటి వారం రెండు వందల పన్నెండు పేర్లు.

నకలు మాత్రం తియ్య. కోపం చెయ్యకు. అరణ్యంల తినేటందుకు పైనుంచి మన్నా కురిసినప్పుడు రేపటికని దాచుకున్నోళ్లది పురుగులు పట్టి కంపు కొట్టింది. రేపటి ఫికర్ రేపటికి. దాచుకునుడు అవిశ్వాసం.

నీ మామ,
గుండయ్య


పుణె,
సెప్టెంబర్ 27.

మామా,

స్తోత్రం చెప్పిన, తర్వాతనే చదివిన. నీ వయసుల ఒక్కడే కూసోని సర్వర్ మీద డేటాబేస్ పెట్టినోళ్లను మా ఆఫీసుల చూపియ్యమంటే ఎవ్వరు లేరు. నీ ఉత్తరం మా టీముకు చదివి వినిపిచ్చిన. శతాధిపతి ముచ్చటకు మస్తు నవ్విండ్రు, ఇప్పుడు అందరు సుడోను గట్లనే అంటుండ్రు.

మన్నా సంగతికొస్తే, ఆ అధ్యాయంల ఇంకొంచెం కిందికి చదువు. ఆరో దినం రెండు రోజులకు సరిపోను ఏరుకొమ్మన్నడా లేదా? విశ్రాంతి దినం కోసం దాచింది కుళ్లిందా? నువ్వే నేర్పినవు నాకు, సగం వాక్యం చెప్పేటోడు మొత్తం అబద్ధం చెప్పినట్టే అని.

నకలు తీయి మామా. రెండో కాగితం, ఎర్ర గీత కింద.

స్వీటీ


మాదన్నపేట,
అక్టోబర్ 10.

ప్రియమైన కోడలికి, వాక్యంతోటి నన్నే కొట్టడం నేర్చుకున్నందుకు సంతోషం. ఆరో దినం నాడు ఆయన స్వయంగ చెప్పిండు గనుక దాచిండ్రు. నాకు చెప్పలేదు. చెప్పింది నువ్వు.

పని మాత్రం జోరుగ నడుస్తున్నది. చెదలు తిన్న పుస్తకం అయిపోయింది, కృష్ణమ్మ చెప్పిన ప్రతి పేరు ఎక్కింది. మిగిలిన ఎనిమిది పుస్తకాలు నేను చదువుత, ఆడోళ్లు వంతులేసుకొని కొడుతుండ్రు. మూడు వేలు దాటింది.

ఇప్పుడు ఒక సంగతి దాచకుండ చెప్తున్న. నువ్వు ఎర్ర పెన్నుతో రాయొద్దన్న నాలుగు సున్నాలు నేను రాసిన. లోపలికి పోయేటోళ్లు కొట్టాల్సిన తాళం మాట, అదే పాస్‌వర్డ్, అది కూడ తీసేసిన. సికింద్రాబాదుల వెస్లీ ఎప్పుడంటే అప్పుడు చూసుకోవచ్చు, ఉప్పల్ పోయిన మనోళ్లు చూసుకోవచ్చు, ఎవరైనా చూసుకోవచ్చు.

ఎందుకంటవా? మన మందిరం తలుపుకు గొళ్లెం లేదు, నీకెరుకే. తొంభైల కర్ఫ్యూ పడ్డప్పుడు మూడు రోజులు గల్లీ అంత అందుల ఉన్నది. మొయిన్ భాయ్ వాళ్లమ్మ మన బెంచీ మీద నమాజు చేసింది, కృష్ణమ్మ ఒక బిడ్డకు పురుడు పోసింది, ఎవరింట్ల ఉన్న బియ్యం వాళ్లు తెచ్చి ఒక్క గిన్నెల వండిండ్రు. ఆ వారమే నేను గొళ్లెం పీకేసిన. ఎవడన్న ఏమన్న ఎత్తుకపోయిండా ఇన్నేండ్లల్ల? ఒక్క హార్మోనియం పోయింది, తెచ్చి పెట్టిండు కూడ, ఒక మెట్టు తక్కువతోటి. తట్టినోడికి తియ్యమన్నడు ప్రభువు. నేనైతే తట్టే పని కూడ పెట్టలే. గోడలు కట్టుడు నావల్ల కాదు.

నీ మామ,
గుండయ్య


పుణె,
అక్టోబర్ 17.

మామా,

నీ ఉత్తరం చదివి లేవకుండనే రాస్తున్న, అందుకే అక్షరాలు గిట్ల ఉన్నయి.

మన గల్లీల ఎనభై ఇండ్లు ఉంటయి, అందరు నీకెరుక. ఆ తలుపు ముందున్నది గల్లీ కాదు. లోకంల ఉన్న దొంగలందరు. వాళ్లు మనుషులను కూడ పంపరు, మిషన్లను పంపుతరు, అవి పగలు రాత్రి ఒక్కొక్క నంబరు తట్టుకుంట తిరుగుతయి. తీసి ఉంటే లోపల ఉన్నది ఊడ్చేస్తయి. నేను ఉత్తగ భయపెడుతలే, ఇది నేను కండ్లతో చూసిన.

నోవహు ఓడ తలుపు మూసింది ఎవరు? దేవుడే మూసిండు. వాన పడేటప్పుడు తలుపు మూసుడు ప్రేమ లేక కాదు.

నేను ఇక్కడికెళ్లి ఒక్క నిమిషంల మూసెయ్యగలను. మూయను. నీ బీరువల చెయ్యి పెట్టనని మాటిచ్చిన, పైగా మొండి మామకు మొండి కోడలిని. నీ చేత్తోనే మూయి. ఏం కొట్టాల్నో వెనక పేజీల ఉన్నది.

స్వీటీ


మాదన్నపేట,
నవంబర్ 12.

చిరంజీవి స్వీటీకి,

మామ రాయునది. ఇక్కడ అందరం క్షేమం. నువ్వు క్షేమమని తలుస్తాను. ఎండ తగ్గింది, చలి మొదలయింది. మార్కెట్టుల చిక్కుడుకాయ మంచిగ వస్తున్నది. మీ అమ్మకు మోకాళ్ల నొప్పి నయం.

నీ ఉత్తరం అందింది. జవాబు రాయడం ఆలస్యమైంది, ఏమనుకోవద్దు. పనులు.

ఒక చిన్న విషయం. కంప్యూటర్ల నుంచి ఏమన్న పోతే, మళ్ల దొరికే మార్గం ఉంటదా? తెలిసినాయన ఒకరు అడిగిండు. తొందర లేదు. వీలున్నప్పుడు రాయి.

వేళకు తిను.

మామ


పుణె,
నవంబర్ 16, మధ్యాహ్నం.

మామా,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. రెండుసార్లు చదివిన. ఇరవై ఏండ్ల సంది నువ్వు నాకు రాస్తున్నవు, చలికి కోటు కొనుక్కో అని రాసినా అందుల ఒక వాక్యం ఉంటది. ఈ ఉత్తరంల ఒక్కటి లేదు. చిక్కుడుకాయ ఉన్నది గని వాక్యం లేదు. తెలిసినాయన ఎవరో నాకు తెలిసిపోయింది.

బీరువ లోపలికి పోయి చూసిన. ఆదివారం, పదో తారీఖు పొద్దున పదకొండింటికి బీరువ ఊడ్చిండ్రు. అప్పుడు నువ్వు మైకు ముందట ఉండి ఉంటవు. పేర్లున్నచోట ఇంగ్లీషుల ఒక చీటీ పెట్టి పోయిండ్రు, పైసలు పంపితే వాపస్ ఇస్తమని. పంపొద్దు. వాళ్ల దగ్గర ఏం ఉండదు, తుడిచేసి పోతరు, అంతే.

ఇప్పుడు నేను ఒప్పుకోవాల్సింది ఉన్నది. నేను మాట తప్పిన. నీ మన్నా ఉత్తరం అందిన రోజు నుంచి, నీకు చెప్పకుండ, రోజూ సాయంత్రం ఏడింటికి ఆ బీరువకు నకలు తీసి ఇంకో చోట పెట్టేటట్టు చేసిన. నీకు తెలిస్తే తీసెయ్యమంటవని చెప్పలే.

కాని అది ఏడు నకళ్లే ఉంచుతది మామా. ఎనిమిదోది రాంగనే అన్నిటికన్న పాతది చెరిపేస్తది. నేను చూసేసరికి ఏడింట్ల ఆరు ఖాళీవి, ఒక్కొక్క దాంట్ల ఆ దొంగ చీటీ. ఏడోది తొమ్మిదో తారీఖుది. ఇయ్యాల సాయంత్రం ఏడింటికి అది చెరిగిపోయేది.

దాన్ని తీసి మూడు చోట్ల పెట్టిన. లోపల లెక్క చూసిన. మూడు వేల నూట పద్నాలుగు పేర్లు. అన్నీ ఉన్నయి.

ఒక్క నిమిషంల మూయగలిగి, మూయకుండ నీతోటి పంతం పట్టిన. ఆ తప్పు నాది. అది నువ్వు క్షమించాలె.

పేర్లు వెనక్కి తెచ్చేది ఎనిమిది వరుసలు, ఈ కాగితం వెనక ఉన్నయి. నేను చెయ్య. నీ చేత్తోనే కొట్టు. అంతకన్న ముందు తలుపు.

స్వీటీ


మాదన్నపేట,
నవంబర్ 22.

నా ప్రియమైన కోడలికి, గద్దింపబడి, విరిగి, మళ్ల అతుక్కున్న గుండయ్య రాస్తున్నది.

ఆ పదో తారీఖు ఆదివారం నేను ఏం ప్రసంగిస్తున్ననో ఎరుకనా? తెరిచిన తలుపు గురించే. ఎవ్వడు మూయలేని తలుపు అని గొంతు పోయేదాక అరిచి, అందరు పోయినంక కంప్యూటర్ తీస్తే ఒక్క పేరు లేదు. దొంగ కూడ ఉత్తరం రాసి పెట్టి పోయిండు, మన లెక్కనే. రెండు రోజులు అన్నం దిగలే. మందిరంల ఎవ్వరికి చెప్పలే. నీకు రాద్దామని కూసుంటే వాక్యం రాలేదు బిడ్డా. నిజం చెప్పని చేతికి అది రాదు.

చివరికి కృష్ణమ్మకు చెప్పిన. కోప్పడుతదనుకున్న. ఆకు మడిచి నోట్ల పెట్టుకొని "ఏడ్వకు అయ్యా, మళ్ల చెప్త రాసుకో. నాకేం పనున్నది" అన్నది. మూడు రోజుల్ల అరవై రెండు నుంచి అరవై ఎనిమిది దాక మళ్ల చెప్పింది, నోటు బుక్కుల రాసిన. ఇంతల నీ ఉత్తరమొచ్చింది. ఎనిమిది వరుసలు కొట్టిన. పేర్లన్నీ ఎముకల లోయల ప్రాణమొచ్చినట్టు లేచి నిలబడ్డయి. నేను కుర్చీల నుంచి మోకాళ్ల మీదికి దిగిన.

తర్వాత నోటు బుక్కు పక్కన పెట్టి కలిపి చూసిన. ఒక్క పేరు తప్పిపోలే. ఒక పేరు ఎక్కువొచ్చింది. స్వరూప, అరవై ఎనిమిది శ్రావణం. మూడు రోజులు బతికిందట. కృష్ణమ్మ సొంత బిడ్డ. "మొదటిసారి ఎందుకు చెప్పలే అవ్వా?" అన్న. "అప్పుడు నువ్వు మస్తు తొందరల ఉంటివి" అన్నది. ఆ పేరు ఎక్కిచ్చిన. ఇప్పుడు మూడు వేల నూట పదిహేను.

తలుపు ముందే మూసిన. మూసే ముందు బైబిల్ల నెహెమ్యా గ్రంథం దగ్గరికి పోయిన. యెరూషలేము గోడ కట్టినంక ఆయన చేసిన మొదటి పని ఏంది? ద్వారపాలకులను పెట్టి, ఎండ ఎక్కేదాక తలుపులు తియ్యొద్దన్నడు. ఆ వెంటనే ఏం చేసిండు? జనం పేర్లున్న పుస్తకం తీసి లెక్క చూసిండు. గోడ, కాపలా, తర్వాత రిజిస్టరు. అదే వరుస. నలభై ఏండ్ల సంది చదువుతున్న, ఆ వరుస నా కంటికి ఆనలే.

మన్నా సంగతిల కూడ ఓడిపోయిన. నువ్వు చెప్పిన కాడికెళ్లి ఇంకా కిందికి పోతే, ముందు తరాలోళ్లు చూడాల్నని ఒక పాత్రల మన్నా నింపి దాచమని ఆయనే చెప్పిండు. దాచింది కుళ్లలే. అంటే ఆయన దగ్గర కూడ నకలు ఉన్నది.

నువ్వు మాట తప్పినవు, నేను మాట వినలే. చెల్లుకు చెల్లు. నాలుగు సున్నాలు తీసేసి రెండే నంబర్లు రాసిన. ఒకటి మందిరంది, ఒకటి నీ పుణె ఇంటిది. ఈ లోకంల ఆ తలుపు తట్టగలిగేది ఇప్పుడు మనమిద్దరమే.

నీ మామ,
గుండయ్య


మాదన్నపేట,
డిసెంబర్ 2.

కోడలా, విను.

నిన్న వెస్లీ వచ్చిండు. కోటు, టై, చేతిల ఫైలు. ఆరాధన అయిపోయేదాక బుద్ధిగ కూసున్నడు. తర్వాత "చూపియ్యండి అయ్యగారు" అన్నడు. "ఎవరిది కావాలె?" అన్న. పరీక్ష పెడదామనుకున్నట్టుంది, వాళ్ల నాయనమ్మ సావిత్రి పెండ్లి అడిగిండు. చెదలు తిన్న పుస్తకంలది. కొట్టిన. వచ్చింది, డెబ్బై, మే, వాన పడ్డదని కూడ పక్కన రాసి ఉన్నది. వెస్లీ కండ్లద్దాలు తీసి తుడుసుకున్నడు.

తర్వాత ఫోన్ తీసి ఏదో కొట్టి, "నాకు బయట నుంచి తెరుచుకుంట లేదేంది?" అన్నడు.

"తెరుచుకోదు నాయనా, గోడ కట్టిన."

"మీరా? గొళ్లెం పీకిన గుండయ్య అయ్యగారా?"

"మందిరానికి ఇప్పటికీ గొళ్లెం లేదు. మనిషి వస్తే రానియ్యాలె. పేర్లు మనయి కావు, అప్పగించినయి. వాటికి కాపలా ఉండాలె."

నవ్విండు. "పుస్తకాలు మీ దగ్గరే ఉండనియ్యండి. కాని మిగతా మందిరాలోళ్లకు మీరే వచ్చి నేర్పియ్యాలె" అన్నడు. వెనక బెంచీకెళ్లి మొయిన్ భాయ్ చప్పట్లు కొట్టిండు. మా మందిరంల చప్పట్లు పాటకే కొడుతం, అయినా ఎవ్వరు ఏమనలే. కృష్ణమ్మ మాత్రం "అయితే రేపటి సంది నేను రావద్దా?" అని అడిగింది. "రా అవ్వా, ఇంకా పాటలున్నయి రాయాల్సినయి" అన్న.

తాళం మాట పెట్టిన. అది ఉత్తరంల రాయ, పోస్టుమన్ కూడ మనిషే. నువ్వే కనుక్కోగలవు. కాపరి వాక్యం. నీకు ఎరుకైనట్టే కొట్టు.

నీ మామ,
గుండయ్య


పుణె,
డిసెంబర్ 7.

మామా,

మొదట వాక్యం నువ్వు నేర్పినట్టు, ఒక్క అక్షరం పోకుండ కొట్టిన. తెరుచుకోలే. రెండోసారి మెల్లగ కొట్టిన. తెరుచుకోలే.

అప్పుడు ఏడేండ్ల స్వీటీ చెప్పినట్టు కొట్టిన, చెప్పులతో సహా.

తెరుచుకుంది.

లోపల మూడు వేల నూట పదహారు పేర్లున్నయి, నువ్వు రాసిన దానికన్న ఒకటి ఎక్కువ. చివరి వరుసల నా పేరు, దాని పక్కన "ద్వారపాలకురాలు" అని ఉన్నది. చెయ్యి పెట్టనని మాటిచ్చి కూడ బీరువ తెరిచి చూసిన, క్షమించు. నా పేరు మాత్రం చెరపలే.

స్వీటీ